రివర్స్ సారు

పేపరులో చనిపోయినవాళ్ల ఫోటోలు వేసే పేజీలో నేను ఆయనను ముఖం చూసి గుర్తుపట్టలేదు, మెడ చూసి గుర్తుపట్టాను. ముఖం పూర్తిగా మారిపోయింది. బుగ్గలు లోపలికి పోయాయి, జుట్టు లేదు, దళసరి కళ్లద్దాలు వచ్చాయి. మెడ మాత్రం అప్పటిలాగే ఎడమ భుజం వైపుకు కాస్త తిరిగి ఉంది, వెనక ఏముందో చూసుకుంటున్నట్టు. ఫోటో తీసినవాడు "తాతగారూ, ఇటు చూడండి" అని ఎన్నిసార్లు బతిమాలి ఉంటాడో. ఆ మెడ ఇటు చూసేది కాదు.

చిక్కడపల్లి లైబ్రరీలో పేపర్ల బల్ల దగ్గర పొద్దున పూట నాకొక మూల ఉంది. అక్షరాలు నాకు మనవరాలితో పాటు వచ్చాయి, ఆమె పలక మీదనే. అందరూ పేపరు తీసి మొదటి పేజీ చదువుతారు, నేను ఫోటోలున్న పేజీ చదువుతాను. అక్కడి మాటలు పొట్టిగా ఉంటాయి, ఏ రోజు చూసినా దాదాపు అవే ఉంటాయి. చదవడానికి కొత్తగా ఉండేది పేర్లే. ఆయన ఫోటో కింద కూడా పేరు ఉంది. దాన్ని నేను ఇక్కడ రాయను. అది వాళ్ల ఇంటివాళ్లు వేయించుకున్న పేరు, మాకు ఆ పేరుతో ఆయన తెలియదు. కంకర లారీలు దించే ఆడవాళ్లం మేము ఆయనను రివర్స్ సారు అనేవాళ్లం.

తెలంగాణ గొడవలు మొదటిసారి జరిగిన ఏడు అది. ఒకరోజు పని ఉంటే మర్నాడు బంద్ ఉండేది. నారాయణగూడ చౌరస్తాలో కూలీల అడ్డా మీద మేము ఆరుగురం ఆడవాళ్లం ఒక జట్టుగా కూర్చునేవాళ్లం. ఇసుక, కంకర, ఇటుక, ఏది వచ్చినా లారీ మీద నుంచి దించి ఇంటి లోపల పోసేదాకా మా పని. జట్టుకు పెద్ద యాదమ్మక్క. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. నేను అందరిలోకి పొట్టిదాన్ని, చిన్నదాన్ని. మా ఆయన కొత్త ఇంటి గోడకు కట్టిన కర్రల మీద నుంచి పడి నడుము పోగొట్టుకుని అశోక్‌నగర్ నాలా పక్క గుడిసెలో పడుకుని ఉన్నాడు. పిల్లలిద్దరు. లారీ దిగితే మా పొయ్యి వెలిగేది, లేకుంటే లేదు. అది తప్ప నాకు ఆ రోజుల్లో వేరే లోకం తెలియదు.

ఆయన అడ్డా దగ్గరికి మొదటిసారి వచ్చిన రోజు బాగా గుర్తుంది. తెల్ల పంచె, పొట్టి చేతుల చొక్కా, చొక్కా కాలరుకు వెనక తగిలించిన గొడుగు. కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు చేసుకున్నవాళ్లలో ఒకరు. అశోక్‌నగర్‌లో, గాంధీనగర్‌లో కొత్తగా లేస్తున్న ఇళ్లకు కిరాయి లారీల్లో సామాను తెప్పించి ఇచ్చేవాడు.

"గ్రావెల్ దించాలమ్మా, ఎంతమంది వస్తారు?" అన్నాడు.

యాదమ్మక్క మా ముఖాలు చూసింది. "గిరవెలంటే ఏంది సారూ? తినేదా, తాగేదా?"

ఆయన నవ్వలేదు. రోడ్డు పక్క ఎర్రమట్టి కుప్ప ఉంటే గొడుగు తీసి దాన్ని చూపించాడు.

"మొరమా! గట్ల జెప్పరాదు. మొరం అంటే మొరమే, కంకర అంటే కంకరే. గిరవెలంటె మేమేం దెల్సుకుంటం?"

"అలాగా," అన్నాడు ఆయన. మర్నాటి నుంచి మొరం అనే అన్నాడు. ఒకసారి చెప్పించుకున్న మాట మళ్లీ చెప్పించుకునే మనిషి కాదు.

రివర్స్ సారు అనే పేరు వచ్చింది ఆయన నడక వల్ల. చిక్కడపల్లి, అశోక్‌నగర్ సందుల్లోకి లారీ ముక్కు ముందు పెట్టి పోతే మళ్లీ బయటికి రావడానికి నానా తంటాలు పడాలి. అందుకని వెనక్కే పోవాలి. ఏ ఇంటికి కంకర పోయాలన్నా ముందురోజు సాయంత్రం ఆయన ఆ సందుకు వచ్చేవాడు. సందు మొదట్లో రెండు చేతులూ లారీ వెడల్పున చాపేవాడు. కుడిచేతి చివర గొడుగు. అట్లా చాచి, సందుకు వీపు పెట్టి, ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసుకుంటూ, తానే లారీ అయినట్టు మెల్లగా వెనక్కి నడిచేవాడు. ఎక్కడైనా అరుగు తగిలితే గొడుగు కొస దానికి కొట్టుకునేది. అప్పుడు ఆగి, ఒక అడుగు ముందుకు వచ్చి, కొంచెం పక్కకు తిరిగి, మళ్లీ వెనక్కి. సందు చివరిదాకా పోవాల్సిందే. మధ్యలోనే ఇల్లున్నా చివరిదాకా పోయేవాడు. పిల్లలు ముందు నిలబడి నోటితో హారన్లు కొట్టేవాళ్లు. గడపల్లో కూర్చున్న ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఆయనకు అవేమీ పట్టేవి కావు. ముఖం పూజలో కూర్చున్నట్టు ఉండేది.

"మీ ఇంట్లో గూడ గిట్లనే నడుస్తవా సారూ?" అని యాదమ్మక్క అడిగింది ఒకసారి.

"ఇంట్లో లారీ లేదు కదమ్మా," అన్నాడు.

సొంత లారీ కొనాలనే కోరిక ఆయనకు ఎప్పటి నుంచి ఉందో తెలియదు. మేము చూసేనాటికే అది జ్వరంలాగా ఉంది. కంకర మోయడానికి ఏ లారీ మంచిదని ఆయన అడగని మనిషి లేడు. డ్రైవర్లను అడిగేవాడు, పంక్చర్లు వేసేవాళ్లను అడిగేవాడు, టీ కొట్టు ముందు నిలబడి లారీ అనే మాట ఎవరి నోట వచ్చినా వాళ్లను అడిగేవాడు. అందరూ చెప్పింది వినేవాడు. విని "అలాగా" అనేవాడు. ఆ అలాగాలో ఒప్పుకోవడం ఉందో, కొట్టేయడం ఉందో ఎవరికీ అంతుపట్టేది కాదు.

పొడుగు బండి కొనమని చెప్పినవాళ్లు చాలామంది. ఒక్క ట్రిప్పులోనే ఎక్కువ కంకర వస్తుందనేవాళ్లు. అట్లా చెప్పిన ఒకాయనను ఒకరోజు చెయ్యి పట్టుకుని సందు మలుపు దాకా తీసుకుపోయాడు. "ఇక్కడ తిరుగుతుందా మీ పొడుగు బండి? తిరగదు. అప్పుడు పెద్ద రోడ్డు మీద దించాలి. అక్కడి నుంచి మళ్లీ తట్టల్లో లోపలికి తేవాలి. రెండుసార్లు దించుకునే లారీ నాకెందుకండీ?" ముక్కున్న బండి అయితే ఇంజను మూత ఎత్తి రిపేరు చేసుకోవడం సులువని ఇంకొకాయన అన్నాడు. ఆ ముక్కు పొడుగు కూడా సందులో పట్టాలి కదా అని ఆయన బెంగ. పక్క చెక్కలు ఎత్తుగా పెట్టించమని ఒక డ్రైవరు అంటే మాత్రం ఆయనకు కోపం వచ్చింది. "ఎత్తు పెడితే నింపాలనిపిస్తుంది. గడ్డి లారీ నిండితే కంటికి కనిపిస్తుందయ్యా. కంకర లారీ నిండితే చెవికి వినిపిస్తుంది."

ఆ మాట ఊరికే అనలేదు. కంకర మిషను దగ్గర లారీ నింపుతున్నంతసేపూ ఆయన వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని, ఇరుసు మీద దొంతరగా కట్టిన ఇనుప పట్టీల దగ్గర చెవి పెట్టేవాడట. పట్టీలు కిర్రుమనగానే చెయ్యి పైకెత్తి, "చాలు, చాలు. ఏడుస్తోంది," అనేవాడట. డ్రైవర్లు దీన్ని కథలు కథలుగా చెప్పుకుని నవ్వేవాళ్లు.

ఎవరితో మాట్లాడినా చివరికి ఒకే మాట దగ్గరికి వచ్చేవాడు. "ఎంత ఎక్కుతుందని అందరూ చెబుతారు. ఎట్లా దిగుతుందో చెప్పేవాళ్లు లేరు."

దించేవాళ్లం మేమే కదా, మమ్మల్ని అడగడేం అనిపించేది నాకు. ఆయన మమ్మల్ని అడగలేదు. కొన్నాళ్లకు ఎందుకో తెలిసింది.

ఒక పొద్దున యాదమ్మక్క అడ్డాకు వస్తూనే కూర్చోకుండా నిలబడింది. "విన్నరా? సారు పల్టీ బండి కొంటడంట."

పల్టీ బండి అంటే టిప్పరు. డ్రైవరు తన సీట్లోంచి కదలకుండా మీట లాగితే తొట్టి వెనక్కి లేస్తుంది, కంకరంతా జారి కింద పడుతుంది. దించే మనిషితో పని లేదు. అప్పటికి మేము అట్లాంటిది దూరం నుంచి చూశామే తప్ప మా సందుల్లోకి రాలేదు. వారంలో సగం రోజులు మాకు పని ఆ సారు దగ్గరే. ఆయన కొంటే మిగిలినవాళ్లూ కొంటారు. నేను తట్ట బోర్లించి దాని మీద కూర్చుండిపోయాను.

ఆయన వచ్చాక యాదమ్మక్క ముఖం మీదే అడిగింది. "పల్టీ బండి కొంటున్నవంట?"

ఆయన అదిరిపడ్డాడు. వాళ్ల వైపు పల్టీ కొట్టిందంటే లారీ బోల్తా పడిందని. "శుభమా అని కొనబోతుంటే ఆ మాటలేమిటమ్మా? పల్టీ కొట్టడమేమిటి?"

"పల్టీ గొట్టేది బండి కాదు సారూ, మేము," అంది యాదమ్మక్క.

ఎవరూ నవ్వలేదు. ఆయన ఎడమ భుజం మీదుగా రోడ్డు వైపు చూశాడు. వెనక్కి నడవాల్సిన పని లేనప్పుడు కూడా ఏదైనా ఆలోచిస్తే మెడ అటే తిరిగేది. "ఇంకా కొనలేదు. రేపు ఒకటి కిరాయికి తెప్పిస్తున్నాను, అశోక్‌నగర్ ఇంటికి. ఎట్లా దిగుతుందో చూస్తాను."

"రేపు మమ్ముల రావద్దంటవా?"

"రావద్దనే అమ్మా. పని ఉండదు."

మెత్తగా చెప్పలేదు, కటువుగానూ చెప్పలేదు. ఊరడించడానికి ఒక అబద్ధం కూడా ఆడని మనిషి. ఆ రోజు నాకు ఆ గుణం మీద చాలా కోపం వచ్చింది.

మర్నాడు మేము పోయాం. "రావద్దన్నడు, సూడొద్దనలే గద," అంది యాదమ్మక్క. తట్టలు, పారలు పట్టుకునే పోయాం, ఎందుకు పట్టుకున్నామో తెలియదు. అశోక్‌నగర్‌లో ఆ సందు ఒకవైపే తెరిచి ఉంటుంది, లోపలికి పోయి ఒక మలుపు తిరిగి ఆగిపోతుంది. కడుతున్న ఇల్లు మలుపుకు ఇవతలే. దాని ముందరి పిట్టగోడ మీద వరసగా కూర్చున్నాం. ఆయన మమ్మల్ని చూసి, టిప్పరుకు ఎదురు పోయాడు.

టిప్పరు వెనక్కి వచ్చింది. దాని వెనక ఆయన, చేతులు చాచి, వెనక్కి నడుస్తూ, "రానీ, రానీ, ఎడమ, కొంచెం ఎడమ, రానీ" అని చెబుతూ. డ్రైవరు ముసలాయన, తలకు తుండు చుట్టుకున్నాడు. పైన కరెంటు తీగలు చూసి, "బస్ సాబ్, ఈడ్నే," అన్నాడు. ఆయన ఆ పొద్దున సందు చివరిదాకా పోలేదు. ముందురోజు సాయంత్రం పోయి చూశాడు కాబట్టి.

ఇంజను గట్టిగా అరిచింది. తొట్టి ముందు భాగం మెల్లగా లేచింది. మొదట కొంచెం రాళ్లు రాలాయి, తర్వాత ఒక్కసారిగా మొత్తం జారింది. పిడుగు పడినట్టు చప్పుడు, ఎదుటి మనిషి కనబడనంత దుమ్ము. లారీ ఖాళీ తొట్టితో ముందుకు కదిలి పెద్ద రోడ్డు మీదికి పోయింది. మేము ఆరుగురం పొద్దంతా చేసే పని అయిపోయింది.

దుమ్ములోంచి ఆయన ముఖం కనిపించింది. "ఎంత తొందరగా అయిపోయింది!" అన్నాడు. పసిపిల్లవాడు బొమ్మ చూసినట్టు ఉంది ఆ ముఖం. నేను తల దించుకుని నా కాళ్లు చూసుకున్నాను. సాయంత్రం ఇంటికి పోయి మా ఆయనకు ఏం చెప్పాలి అనుకుంటున్నాను.

అప్పుడు డప్పులు వినిపించాయి. సందు లోపలి నుంచి.

ఆ సందు చివరి ఇంట్లో ఒక పెద్దాయన ఆ తెల్లవారే పోయాడు. అక్కడివాళ్లే, తాతల నాటి నుంచి ఉన్నవాళ్లు. లోపల డప్పుల మోతలో వాళ్లకు లారీ వినబడలేదు, ఇంజను మోతలో మాకు డప్పులు వినబడలేదు. శవాన్ని ఎత్తి బయలుదేరారు. ముందు అగ్గి కుండ పట్టుకుని కొడుకు, వెనక పాడె. మలుపు తిరిగి మా ముందుకు వచ్చేసరికి ఎదురుగా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడుము ఎత్తు కంకర.

డప్పులు ఆగిపోయాయి.

"ఎవడ్రా తొవ్వల పోసింది?" పాడె మోస్తున్నవాళ్లలో ఒక పడుచువాడు అరిచాడు. పంచె, గొడుగు చూశాడు. ఆ ఏడు మనిషిని చూడగానే ఎటువైపు వాడో కనిపెట్టడం అందరికీ అలవాటయింది. "ఆంధ్రాయన! ఉండనీకె మా జాగలు దీస్కుంటిరి, పోయెటోళ్ల తొవ్వ గూడ మూస్తిరా?"

ఆయన కంకర కుప్పను ఒకసారి, పాడెను ఒకసారి చూశాడు.

వెనక మోస్తున్నవాళ్లలో ఒకాయన భుజం వంచబోయాడు. పాడె వెంట నడుస్తున్న ముసలాయన గబగబా ముందుకొచ్చి, "దించొద్దు! దించొద్దురా! ఇంటి ముందట దించొద్దు!" అని చేతులు అడ్డం పెట్టాడు. ఒకసారి ఎత్తాక శవాన్ని వెనక్కి తిప్పరు. దించేది దారి మధ్యలో ఒక చోటే, దింపుడు కళ్లం అంటారు. అక్కడ దించి, ఎక్కడైనా ప్రాణం మిగిలి ఉందేమోనని, చెవి దగ్గర పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. పలకడని అందరికీ తెలుసు, అయినా పిలుస్తారు. గడప దాటీ దాటకముందే దించితే చావు ఆ ఇంటి ముందు కూర్చున్నట్టే. నలుగురు మనుషులు ఆ బరువు భుజాల మీద పెట్టుకుని కంకర ముందు నిలబడిపోయారు. ఎండ అప్పుడే ఎక్కుతోంది.

"దించకండి," అన్నాడు ఆయన కూడా. "దయచేసి దించకండి."

అని, ఎడమ భుజం మీదుగా వెనక్కి, మా వైపు చూశాడు. ఒక్క మాట అడగలేదు. రావద్దని చెప్పిన మనుషులను ఏమని అడుగుతాడు? కాని ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అన్నాళ్లూ ఆయన వెనక్కి చూసినప్పుడల్లా గోడలు, అరుగులు చూసేవాడు. ఆ రోజు మనుషులను చూశాడు.

యాదమ్మక్క అప్పటికే పిట్టగోడ దిగింది. "ఏం జూస్తున్నరే? పారలు దియ్యుండ్రి."

ఆయన పాడె దగ్గరికి పోయాడు. గొడుగు కింద పడేసి, మోసేవాళ్ల భుజాలకు అటూ ఇటూ చేతులు చాచాడు. ఆ వెడల్పు చెదరకుండా చేతులు అట్లాగే పట్టుకుని కంకర దగ్గరికి వచ్చాడు. "ఇంత," అన్నాడు. "ఇంత చాలు."

అని, అట్లాగే నిలబడ్డాడు. మేము తవ్వుతున్నంతసేపూ చేతులు దించలేదు. ఆయన చేతుల మధ్య ఉన్న కంకర మాకు పని, బయట ఉన్నది కాదు. ఇద్దరం పారలతో ఎత్తుతుంటే నలుగురు తట్టల్లో తీసుకుపోయి ఆ కడుతున్న ఇంటి లోపల పోశారు. పారలు రాళ్లకు తగిలే చప్పుడు, పాడె మోసేవాళ్ల ఊపిరి, అంతే. మధ్యలో ఒకసారి తలెత్తి చూస్తే ఆయన చేతులు వణుకుతున్నాయి. పాడె మోస్తున్నవాళ్ల మోకాళ్లూ వణుకుతున్నాయి. ఇటు వీళ్లు, అటు ఆయన, ఎవరు ముందు దించుతారోనని నాకు భయం వేసింది.

దారి అయింది. కింద రాళ్లు కొన్ని మిగిలాయి, కాలు జారుతుంది. అప్పుడు ఆయన పాడెకు ఎదురుగా నిలబడి, చేతులు అట్లాగే చాచి, వెనక్కి నడవడం మొదలుపెట్టాడు.

"రానివ్వండి. రానివ్వండి. ఎడమ, కొంచెం ఎడమ. కింద రాయి ఉంది. మెల్లగా. రానివ్వండి."

లారీకి చెప్పే మాటలే. రోజూ మేము నవ్వుకునే మాటలే. గడపల్లో నిలబడిన ఆడవాళ్లు ఆ రోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు, కళ్లకు పెట్టుకున్నారు. ఇందాక అరిచిన పడుచువాడు ఆయన ఎడమ అంటే ఎడమకు అడుగేశాడు, ఆగమంటే ఆగాడు. కంకర దాటాక ఆయన గోడకు వీపు ఆనించి పక్కకు తప్పుకున్నాడు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి.

నాలా వంతెన దగ్గర వాళ్లు పాడెను దించారు. దూరం నుంచే కనిపించింది. కొడుకు వంగి తండ్రి పేరు పెట్టి పిలిచాడు. ఆ పిలుపు సందు దాకా వినిపించింది. మూడుసార్లు. తట్టలు చేతుల్లో పట్టుకుని మేము అట్లాగే నిలబడ్డాం. ఆ పోయినాయన పేరు మాకు తెలిసింది అప్పుడే.

అంతా సద్దుమణిగాక ఆయన మిగిలిన కంకర మీద కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని వాటిని చూసుకుంటున్నాడు. "నిన్న చూశాను కదా అనుకున్నాను," అన్నాడు. మళ్లీ, "నిన్న చూసిన సందు నిన్నటిదే," అన్నాడు. లేచి, "మిగిలింది కూడా లోపల పోయండమ్మా," అన్నాడు.

టిప్పరు మాట మళ్లీ ఎత్తలేదు. కొన్నాళ్లకు అడ్డా దగ్గరికి వచ్చి నన్ను గోడ పక్కన నిలబడమన్నాడు. జేబులోంచి సుద్దముక్క తీసి, నా భుజం ఎత్తున గోడ మీద ఒక గీత గీశాడు.

"ఏం గొలుస్తున్నవ్ సారూ, దానికి జాకెట్ గుట్టిస్తవా?" అంది యాదమ్మక్క.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "లారీకమ్మా. మీలో ఈ అమ్మాయే పొట్టి కదా."

అట్లా వచ్చింది ఆయన సొంత లారీ. పొట్టి బండి, ముక్కు లేనిది. చెక్క తొట్టి, కంకర చెక్కను తినేయకుండా నేల మీద ఇనుప రేకు. పక్క చెక్కలు తక్కువ ఎత్తు. రెండు పక్కలా, వెనకా కీళ్ల మీద కిందికి వాలే తలుపుల్లాంటి డాలాలు, సందు ఎటు వీలిస్తే అటు తెరుచుకోవడానికి. తొట్టి నేల నా భుజానికి రావాలని ఆయన పట్టు. అది చక్రాల ఎత్తును బట్టి ఉంటుంది, మన చేతిలో లేదని వడ్రంగి మొత్తుకున్నాడట. కింద వేసే దుంగలు పలచనివి వేయించి ఎంత తగ్గించవచ్చో అంత తగ్గించాడు. అయినా భుజానికి రాలేదు, నా మెడ దాకా వచ్చింది. మొదటిరోజు నన్ను దాని పక్కన నిలబెట్టి చూసి, ఆయన చాలాసేపు దిగులుగా ఉన్నాడు. నాకు అది చాలు. తట్టను తల మీదికి లాక్కోవాలంటే ఇదివరకటిలా చేతులు పైకి చాపాల్సిన పని లేదు.

యాదమ్మక్క డాలా మీద పసుపు రాసి, "మా కోసరం మంచి బండి దెచ్చినవ్ సారూ," అంది.

"మీ కోసం కాదమ్మా. సందు కోసం తెచ్చాను. చేత్తో దించితే దారి మూసుకుపోదు."

"అట్లయితే సందుకే దండం బెడ్తం తియ్."

నిజమే చెప్పాడు ఆయన. ఎన్నేళ్లు ఆలోచించినా నాకు అట్లాగే తోస్తుంది. మమ్మల్ని చూసి జాలిపడి కొన్న లారీ కాదు అది. ఆలస్యమైతే కసిరేవాడు, తట్ట ఒలికితే ఏరించేవాడు. కాని ఆ లారీ ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో పొయ్యి ఆరలేదు. మా ఆయన లేచి కూర్చున్నాడు, తర్వాత కర్ర పట్టుకుని నడిచాడు.

ఆ రోజు తర్వాత ఆయనకు ఇంకొక అలవాటు వచ్చింది. ముందురోజు చూసిన సందునే, లారీ వచ్చే ముందు, ఆ పొద్దున మళ్లీ చివరిదాకా పోయి చూసేవాడు. చివరి ఇంటి గడప దగ్గర ఆగి, "అందరూ బాగున్నారా అండీ?" అని అడిగేవాడు. ముక్కూ ముఖం తెలియని మనిషి వచ్చి అట్లా అడిగితే వాళ్లు తబ్బిబ్బయ్యేవాళ్లు. ఎంత మర్యాదస్తుడో అనుకునేవాళ్లు. ఆ ప్రశ్న ఎందుకో మాకు తెలుసు. వాళ్లు బాగున్నామని చెబితేనే ఆయన వెనక్కి తిరిగి లారీకి చెయ్యి ఊపేవాడు.

తర్వాత కాలం ఎటు పోవాలో అటే పోయింది. ఆ లారీ ముసలిదైంది, ఆయన వ్యాపారం మానుకున్నాడు. టిప్పర్లు రానే వచ్చాయి. మా జట్టు చెదిరిపోయింది, యాదమ్మక్క పోయింది. చాలా ఏళ్లకు ఒకసారి చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో వెనక నుంచి ఆయన గొడుగు చూసి, "సారూ!" అన్నాను. ఎడమ భుజం మీదుగా తిరిగాడు. గుర్తుపట్టాడు.

"బాగున్నావా అమ్మా? పని దొరుకుతోందా?"

"యాడి పని సారూ? అన్నీ పల్టీ బండ్లే."

"అలాగా," అన్నాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు, సంచిలోంచి తోటకూర వేళ్లాడుతుండగా. ఆ ఒక్కసారి మాత్రం ఆ అలాగాలో ఏముందో నాకు తెలిసింది.

ఇప్పుడు ఆ పేరు సంగతి చెబుతాను. నాకు మనసులో చదువుకోవడం రాదు. పెదవి కదలాలి, గొంతు కలవాలి. ఆయన పేరులో ఒకదాని కింద ఒకటి ఒత్తులున్నాయి. వేలు పెట్టి చదివాను. మొదటిసారి ముక్కలు ముక్కలుగా వచ్చింది. రెండోసారి ఒత్తు జారిపోయింది. మూడోసారి మొత్తం పేరు సరిగ్గా వచ్చింది, వచ్చిందన్న సంతోషంలో కొంచెం గట్టిగానే వచ్చినట్టుంది. ఎదురుగా పరీక్షల పుస్తకం చదువుకుంటున్న అమ్మాయి తలెత్తింది.

"ఎవర్ని పిలుస్తున్నవమ్మా?" అంది.

పిలుస్తలేను బిడ్డా, చదువుతున్న, అని చెప్పబోయి ఆగాను. అప్పటికే పేరు పెట్టి మూడుసార్లు పిలిచాను.